పసుపు రాని ఫోటో

మా ఫోటో ప్రింటర్ ఇన్నేళ్లు చెడిపోకుండా ఉన్నది నా జాగ్రత్త వల్లేనని నమ్మేవాణ్ణి. అది నిజం కాదు. రాజోలులో మా పక్కింట ఉండే అన్నయ్యగారి వల్ల. ఆయన రిటైరైన మాస్టారు. కూతురు కువైట్‌లో నర్సు. ప్రతి ఆదివారం ఆరాధన ముగియగానే, బైబిలు చంకన పెట్టుకుని, మనవరాలి కొత్త ఫోటో ఉన్న ఫోనుతో మా గుమ్మం ఎక్కేవారు.

“తమ్ముడూ, పిల్ల వచ్చిందయ్యా. బయటికి తియ్యి.”

“ఫోన్లో చూసుకోవచ్చు కదండీ? ఇంకు ఖరీదు ఎంతో తెలుసాండి మీకు?”

“ఫోను గోడకి తగిలించమంటావా? ముందు తియ్యవయ్యా, లెక్కలు తర్వాత చెబుదువుగాని.”

గొణుగుతూనే తీసేవాణ్ణి. ఆయన కాఫీ తాగి, తడి ఆరిన ఫోటోను బైబిల్లో పెట్టుకుని వెళ్లేవారు.

ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన మంచాన పడ్డాక, నేను ప్రింటర్ ప్లగ్గు తీసి, దుమ్ము పడకుండా కవరు కప్పాను. ఆదివారాలు కాస్త తీరిక దొరికిందని అనుకున్న మాట కూడా వాస్తవమే. వేసవి అంతా అది అలాగే ఉంది. ఆయన పోయిన తరువాత, జ్ఞాపకార్థ కూడికకు ముందురోజు ఉదయం వదినగారు వచ్చారు.

“మరిదిగారూ, మీ అరుగు మీద ఆయన నవ్వుతుంటే మీరు తీసేరు కదండీ, ఆ ఫోటో పెద్దది కావాలండి. ఆఖర్న మొహం ఎలా అయిపోయిందో మీరూ చూసేరు. రేపు వచ్చేవాళ్లు ఈ నవ్వు మొహమే గుర్తు పెట్టుకోవాలండి.”

కవరు తీసి ఫోటో వేశాను. వారం వారం వాడకం ఆగిపోయేసరికి, ఇంకు చిమ్మే హెడ్‌లో పసుపు రంగు ఎండి పూడుకుపోయింది. పసుపు లేని ఆ ముఖం నీలంగా వచ్చింది. వదినగారు చూపు తిప్పుకున్నారు.

“ఆస్పత్రిలో ఇలాగే ఉన్నారండి.”

క్లీనింగ్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కాను. మిగిలిన రంగులు తరిగాయే తప్ప పసుపు కదలలేదు. హెడ్ విప్పి గోరువెచ్చని నీళ్ల గుడ్డ మీద నానబెట్టాను.

“పట్టుదల మానండి. అమలాపురం స్టూడియోకి వెళ్లండి,” అంది నా భార్య.

“ఇంకొక్కసారి చూస్తాను,” అన్నాను. ఆ ఒక్కసారి అయ్యేసరికి స్టూడియో కట్టేశారు. చివరకు నల్ల ఇంకు ఒక్కదానితోనే తీసి ఇచ్చాను.

“పర్లేదండి,” అన్నారు వదినగారు. “మా పెళ్లి ఫోటో కూడా నలుపూ తెలుపేనండి.”

మర్నాడు కూడికలో ఒక బంధువు పటం దగ్గర ఆగి, “పాత ఫోటోనా అండి ఇది?” అని అడిగింది. నా తల వంగిపోయింది.

“ఆయ్, పాతదేనండి,” అన్నారు వదినగారు, నా వైపు చూడకుండా.

హెడ్‌లోని పూడిక ఆ తరువాతి వారం కరిగింది. చామనఛాయ ముఖం, గళ్ల చొక్కా, నవ్వు, అన్నీ సరిగ్గా వచ్చాయి. తీసుకువెళ్లి ఇచ్చాను. వదినగారు చాలాసేపు చూసి, దాన్ని ఆయన బైబిల్లో పెట్టుకున్నారు. గోడ మీది పటం మార్చుదామని లేచాను.

“ఉండనివ్వండి మరిదిగారూ. చూడాల్సినోళ్లంతా చూసి వెళ్లిపోయేరు కదండీ.”

ఇంకు ఎండిపోకుండా ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రింటర్‌లో ఒక కాగితం మీద రంగుల పరీక్ష గీతలు తీస్తున్నాను. అన్ని రంగులూ ఎక్కడా తెగకుండా వస్తున్నాయి. ఆ కాగితం తడి ఆరేదాకా ఆగేవారు ఎవరూ లేరు.