మా ఆయన కాలు, మా జీలుగు చెట్టు

ముందు కుండ పడింది. దాని వెనకే మనిషి పడ్డాడు.

నేను చెట్టు కిందే ఉన్నాను. అరకు లోయలో మాది కొండవారగా ఉన్న చిన్న ఊరు. సాయంత్రమైతే అందరం ఎవరో ఒకరి జీలుగు చెట్టు కింద చేరతాం. అడ్డాకు దొప్పల్లో కల్లు తాగి, ఆనాటి సంగతులు చెప్పుకుని ఇళ్ళకు పోతాం. ఆ రోజు మా చెట్టు కింద చేరారు. పొద్దుటి నుంచి మంచు విడలేదు. నిచ్చెనగా కట్టిన వెదురు నాని జారుడుగా ఉంది.

"తడిగా ఉంది, ఇయ్యాల ఎక్కకు," అన్నాను.

"ఎక్కకపోతే గెల మూసుకుపోతాదే," అని మా ఆయన బొంజు, కత్తిని నడుముకు దోపుకుని ఎక్కేశాడు.

కొండ దిగువ వాళ్ళకు ఇది తెలియదు కాబట్టి చెబుతున్నాను. జీలుగు గెల కాడను పొద్దునా సాయంత్రమూ పలుచగా చెక్కాలి. అప్పుడే కల్లు కారుతుంది. వరసగా పూటలు తప్పితే కోత ఎండి మూసుకుపోతుంది. ఇక ఆ గెల చుక్క కూడా ఇవ్వదు. అందుకే మా మగవాళ్ళు జ్వరమొచ్చినా వానొచ్చినా ఎక్కుతారు. అలా ఎక్కే పడ్డాడు.

మోకాలి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. నేను అరవలేదు. అరిచింది మా ఆయన స్నేహితుడు కొండ్రు. నాకు మరిది వరస. ఇద్దరూ చిన్నప్పటి నుంచి కలిసి చెట్లెక్కినవాళ్ళు.

ఊళ్ళో పసరు కట్టు కట్టే పెద్దాయన వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎముక లోపల ఇరిగితే నా పని. బయటికొచ్చీసింది. కిందికి తీసుకుపోండి, బేగి పోండి," అన్నాడు. ఆయన మాట అప్పుడే విని ఉంటే బాగుండేది. కానీ ఊళ్ళో సగం మంది అడ్డుపడ్డారు. ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాడని, అక్కడ చస్తే కొండ గాలి కూడా తగలదని ఒకటే గోల. ఆయనా పోనన్నాడు. కాలు గుమ్మడికాయలా వాచి, కట్టులోంచి వాసన వచ్చేసరికి నాకు తిక్కరేగింది. "పోనన్నవాడు ఎవడో వచ్చి ఈ కాలు కడగండి," అన్నాను. ఎవరూ ముందుకు రాలేదు. డోలీ కట్టారు.

ఆ డోలీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా వాళ్ళ భుజాల మీద కాయలు కాసి ఉంటాయి. కొండెక్కి వచ్చిన ప్రతి అధికారినీ బలవంతాన మోసి మోసి కాసిన కాయలవి. డోలీ అంటేనే మాకు మంట. ఈసారి ఎవరూ అదిలించలేదు, ఎవరూ బెత్తం చూపలేదు. అనంతగిరి ఘాటీ పొడుగునా ఒకరి భుజం కింద ఇంకొకరు దూరి, మనిషిని కుదపకుండా దించారు. మైదానంలో మిషన్ ఆసుపత్రి వరాండాలో దించి, అక్కడే గోడకు చేరగిలబడ్డారు.

డాక్టరుబాబు గుడ్డ తీసి చూశాడు. మద్రాసులో చదివిన మనిషి, మాట కటువు.

"కాంపౌండ్ ఫ్రాక్చర్. సెప్టిక్ అయింది. ఇప్పుడా తీసుకొచ్చేది?" అన్నాడు. "మోకాలి పైకి పాకిందంటే కాలు తీసెయ్యాలి. ఒప్పుకుంటావా?"

"పాకితే తియ్యండి బాబూ. పాకకముందే తీస్తానంటే ఒప్పుకోను," అన్నాను.

నర్సు రూతమ్మ నా చెయ్యి గిల్లింది, డాక్టరుతో అలా మాట్లాడతావేమిటని. డాక్టరు మాత్రం నన్ను ఒక్క క్షణం చూసి, "సరే, అదే మాట మీద ఉందాం," అన్నాడు. కటువు మనిషే గానీ మాట నిలబెట్టుకున్నాడు.

క్లోరోఫారం ఇచ్చి ఆపరేషన్ చేశారు. కుళ్ళింది కోసి, కడిగి, ఎముకను చోటికి తెచ్చి కాలంతా చెక్కబద్దల స్ప్లింట్‌లో బిగించారు. రోజూ డ్రెస్సింగ్. పుండు కడిగే కార్బాలిక్ నీళ్ళు పోసినప్పుడు మా ఆయన పెట్టిన కేకలు విని పక్క మంచాలవాళ్ళు చెవులు మూసుకునేవారు. టెంపరేచర్ దిగినట్టే దిగి సాయంత్రానికి ఎక్కేది. నేను వరాండా చివర పొయ్యి రాజేసి అంబలి కాచేదాన్ని. ఏడుపొచ్చినప్పుడు పొగ వల్లే అనేదాన్ని.

డాక్టరు ఒకటే మాట: "కదలకూడదు. నెలల తరబడి కదలకూడదు. కదిలితే ఎముక అతకదు, మళ్ళీ సెప్టిక్ అయితే ఆంప్యుటేషన్ తప్పదు. మీ కొండవాళ్ళతో నాకిదే తంటా. నొప్పి కాస్త తగ్గగానే పారిపోతారు."

ఆ మాటకు నాకు కోపమొచ్చింది గానీ, ఆయన అన్నది తప్పు కాదు. నొప్పి కాస్త తగ్గగానే మా ఆయన మొదలుపెట్టాడు. "నానెలిపోతాను సుక్రీ. గెల మూసుకుపోతాది. ఈ ఏడే కదే చెట్టు మొదటి గెల ఏసింది." పగలంతా అదే. కాలు సంగతి కాదు, గెల సంగతి. రూతమ్మ నవ్వి, "ఏటమ్మా, మీ ఆయన్ని మంచానికి కట్టెయ్యమంటావేటి?" అనేది. నాకు నవ్వు రాలేదు. ఆయన లేచిన రోజున కాలు పోతుందని నాకు తెలుసు. కాలు పోయిన మనిషి ఆ కొండ మీద ఎలా బతుకుతాడో నాకు తెలియదు.

అప్పుడు వచ్చాడు కొండ్రు. ఉప్పు కోసం దిగిన వాళ్ళతో కలిసి వచ్చి, నడుము దగ్గర దోపుకున్న అడ్డాకు పొట్లం విప్పాడు. లోపల గెల కాడ నుంచి చెక్కిన ముక్క. తమలపాకంత పలుచన. ఇంకా తడి ఆరలేదు.

"నీ చెట్టుదే," అన్నాడు.

మాలో ఒకరి చెట్టుకు ఇంకొకరు కత్తి పెట్టరు. పెడితే చెట్టు అలుగుతుందంటారు. మా ఆయన కళ్ళెర్రజేశాడు. కొండ్రు బెదరలేదు. "నువ్వు పడ్డ మర్నాటి నుంచీ, చెట్టు మొదట్లో చెయ్యేసి, 'బొంజు పంపించాడే నన్ను' అని చెప్పి ఎక్కుతున్నాను. ఊరుకుంది," అన్నాడు.

మా ఆయన ఆ ముక్కను వాసన చూశాడు. కొరికి చూశాడు. తలగడ కింద పెట్టుకున్నాడు. ఆ రోజంతా గెల మాట ఎత్తలేదు.

అది మొదలు. కిరసనాయిలుకో ఉప్పుకో ఎవరు దిగినా ఒక ముక్క తెచ్చేవారు. కబుర్లూ తెచ్చేవారు. మా చేలో వలిసెలు కోసి, నూర్చి, మా ఇంట్లోనే పోశారట. మా కూతురికి, ఊళ్ళో వదిలొచ్చిన గుంటకు, ఏ ఇంటి ముందు ఆకలేస్తే ఆ ఇంట్లోనే తిండి అట. వచ్చిన ప్రతివాళ్ళూ నాకు అంబలికి చోళ్ళ పిండి మూట ఇచ్చి పోయేవారు. ఒకరోజు రూతమ్మ తలగడ కింది ముక్కలు చూసి చెత్త అనుకుని ఊడ్చెయ్యబోయింది. "ఆ చెత్త ముట్టుకున్నావంటే నీకూ నాకూ పడదు," అన్నాను. "అమ్మో, ఇదేటి కొండదేవత!" అని ఆమె చీపురు పట్టుకుని పారిపోయింది. తర్వాత మేమిద్దరం ఒకే విస్తట్లో తిన్నాం, అది వేరే సంగతి.

ఎముక అతుకు పడుతోందని డాక్టరు అన్న వారంలోనే పిడుగు పడింది. కొండ్రు తెచ్చిన ముక్కను వాసన చూసి మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఇది నాది కాదు. ఏటిగట్టు మీదున్న నీ చెట్టుది."

నేను సర్దిచెప్పేలోపే మా ఆయన మంచం మీంచి కాలు దించాడు. స్ప్లింట్‌తో సహా నేల మీద పడ్డాడు. కుట్లు తెగి రక్తం కారింది. మళ్ళీ టెంపరేచర్, మళ్ళీ చీము, మళ్ళీ క్లోరోఫారం. ఈసారి చచ్చిన ఎముక ముక్క ఒకటి తీశారు. "ఇదే ఆఖరు," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి లేచాడంటే నేను కాలు కాపాడలేను. ఈసారి నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తీస్తాను."

కొండ్రు ఆసుపత్రి వెనక మామిడి చెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాడు. నాకు జాలి వెయ్యలేదు.

"ఎందుకు చేశావీ పని?"

"నాకు చలిజొరం వొచ్చీసింది వదినే. లెగలేకపోనాను. ఇంకెవులూ ఎక్కలేదు, పరాయి చెట్టని బయం. గెల మూసుకుపోనాది. నిజం చెబితే లెగిసి వొచ్చేత్తాడని..."

"అబద్ధం చెబితే లెగలేదేటి? ఆయనది కుక్క ముక్కని నీకు తెలీదేటి? పో. ఎండిపోయిన గెలనే కోసి తీసుకురా. ఒక్కడివీ రాకు, ఊరంతా రండి. ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పండి. చస్తే నిజం విని చస్తాడు."

అలా అన్నానే గానీ, వాళ్ళు వచ్చేదాకా నాకు ప్రాణం ప్రాణంలో లేదు. నిజం విని ఆయన లేస్తే, కాలు తీయించింది నేనే అవుతాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వచ్చారు. ఆడా మగా, చంటిబిడ్డల తల్లులతో సహా. ఎండిన గెలను కావడిబద్దకు కట్టి మోసుకొచ్చారు. వరాండా నిండిపోయింది. డాక్టరు బయటికొచ్చి మండిపడ్డాడు.

"ఇది ఆసుపత్రా, సంతా? అందర్నీ పంపించెయ్!"

"బాబూ, ఎముక మీరు అతికించారు. దండం పెడతాను. కానీ ఆయన్ని ఇన్నాళ్ళూ మంచం మీద పడుకోబెట్టింది మీరూ కాదు, నేనూ కాదు. వీళ్ళు. వీళ్ళని పంపేస్తే ఆయన పాకుతూ అయినా వీళ్ళ వెనకే పోతాడు. అప్పుడు కాలు మీరే కొయ్యాలి," అన్నాను.

డాక్టరు ఆ ఎండు గెల వైపు చూసి, "గోల చెయ్యకూడదు. కల్లు తేకూడదు," అని పక్కకు తప్పుకున్నాడు.

కొండ్రు ఎండు గెలను మంచం మీద, మా ఆయన చెయ్యి పక్కన పెట్టాడు. "మూసుకుపోనాది బొంజూ. నా వల్లే," అన్నాడు.

మా ఆయన నల్లబడిన కోత మీద వేళ్ళు పెట్టి తడిమాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను, లేస్తే మీద పడి ఆపాలని.

"కింద మొగ్గేసిందా?" అని అడిగాడు.

"ఏసింది. పిడికిలంతుంది."

"ఎవులు చెక్కుతారు?"

"చెట్టెక్కే పెతోడూ," అన్నాడు పసరు కట్టు పెద్దాయన. "వంతులేసుకున్నాం. ఒకడికి జొరమొత్తే ఇంకోడు. అందరం చెట్టు మొదట్లో నీ పేరు చెప్పే ఎక్కుతాం. నువ్వు పడుకో."

"సరే, పడుకుంటాను," అన్నాడు మా ఆయన. నేను అక్కడే, అందరి ముందూ, పొగ వంక లేకుండా ఏడ్చేశాను.

ఆ తర్వాత ఆయన డాక్టరు చెప్పిందాకా కదల్లేదు. కాలు దక్కింది. పొట్టిదైంది, మోకాలు వంగదు, కానీ ఆయన కాలు ఆయనకే ఉంది. పంపించేటప్పుడు డాక్టరు, "నడువు. పొలం పని చేసుకో. చెట్టు మాత్రం ఈ జన్మలో ఎక్కకు," అన్నాడు.

డోలీలో తెచ్చారు గానీ, ఊరి మొదట్లో మా ఆయన దించమన్నాడు. చంకకర్ర మీద మా గుమ్మం దాకా తనే నడిచాడు. ఆ నెలలోనే పొరుగూరి మనిషి ఒకడు వచ్చాడు. "కుంటోడికి చెట్టెందుకు, నాకిచ్చెయ్యండి," అన్నాడు. "నీ రెండు కాళ్ళూ బాగున్నాయి కదా, నడిచి మీ ఊరు పో," అన్నాను. మళ్ళీ రాలేదు.

జీలుగుకు ఒక గుణం ఉంది. మొదటి గెల నడినెత్తిన వేస్తుంది. తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. ఏళ్ళు గడిచేకొద్దీ గెల దిగుతూ వస్తుంది. ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. మా ఆయన కింద కూర్చుని, పైన చెక్కే వాళ్ళను తప్పుపడుతూ, తిడుతూ, ఆ గెల దిగి రావడం చూస్తూ కాలం గడిపాడు. నాలుగేళ్ళు.

ఈ చలికాలం గెల మా ఇంటి చూరు ఎత్తుకు కాస్త పైదాకా దిగింది. ఆయన మూలనున్న చిన్న నిచ్చెన తెచ్చి ఆనించాడు.

"డాక్టరుబాబు ఏటన్నాడు?" అన్నాను.

"చెట్టెక్కొద్దన్నాడు. ఇది నిచ్చెన."

కొండ్రు ఒకవైపు, నేనొకవైపు పట్టుకున్నాం. వంగని కాలు వేలాడుతుంటే, మంచి కాలితో ఒక్కో మెట్టూ ఎక్కాడు. నేను నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. ఆయన చెక్కిన ముక్కను కిందికి చాపి, "చూడవే, ఎవులదో," అన్నాడు. వాసన చూశాను. జున్నులాంటి తీపి వాసన.

"మనదే," అన్నాను.

మిషన్ పంతులమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగక్షరాలతో ఇది రాశాను. మీ వాళ్ళెవరైనా ఆసుపత్రిలో పడితే కన్నీళ్ళు పట్టుకుని పోకండి, అవి అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ళ పని చేతికెత్తుకుని, అందులోంచి ఒక ముక్క పట్టుకుపోండి. పచ్చిగా ఉంటే పచ్చి ముక్క. ఎండిపోతే ఎండిన ముక్కే పట్టుకుపోండి.