జిగురు తాత బాగుచేసిన పాస్‌పోర్టు

మా తాత చేతికి పుస్తకం ఇస్తే పేరు చూడడు. ముందు తిరగేసి వెన్ను నిమురుతాడు, తర్వాత మధ్యకి తెరిచి దారం చూస్తాడు, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని జిగురు వాసన పీలుస్తాడు. ఇంత పరీక్ష చేశాక కూడా లోపల ఏం రాసుందో ఆయనకి తెలియదు, అక్కర్లేదు కూడా. యాభై ఏళ్ళు పుస్తకాలు కుట్టిన మనిషి నాలుగు పుస్తకాలు కూడా పూర్తిగా చదవలేదు. నేనూ చదివి ఉద్ధరించిందేమీ లేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, అప్పటినుంచీ ఆయన దుకాణంలో కాగితాలు మడతపెడుతున్నాను. మా ఇంట్లో చదువు అబ్బింది చెల్లి ఒక్కదానికే.

దుకాణం అంటే ఒక మేడమెట్ల కింద మిగిలిన చోటు. ఒక పక్క జిరాక్సు మిషను, ఇంకో పక్క చెప్పులు కుట్టే ఆయన. లోపల బల్ల, చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, అంచులు కోసే పాత కటింగ్ మిషను, పొయ్యి మీద ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే జిగురు గిన్నె. ఆ గిన్నె వల్లే వీధి మొత్తానికీ ఆయన జిగురు తాత. బడి వదిలాక పిల్లలు గుమ్మం దగ్గర ఆగి, "జిగురు తాతా, మా లెక్కల మాస్టారిని కుర్చీకి అతికించవా?" అనేవాళ్ళు. "మాస్టారి సంగతి తర్వాత, ముందు మీ నోళ్ళు అతికిస్తాను రండిరా" అని ఈయన బ్రష్షు పట్టుకుని లేచేవాడు.

ఆయనకో జబ్బుంది. విడిపోయింది ఏదైనా కళ్ళబడితే ఊరుకోలేడు. ఒకసారి మోకాలినొప్పికని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ నర్సమ్మ బల్ల మీద చీటీల రిజిస్టరు కాగితాలు ఊడి వేలాడుతున్నాయి. నేను మంచినీళ్ళు తాగి వచ్చేలోపు చొక్కా కాలరులో గుచ్చుకున్న సూది తీసి రిజిస్టరు కుట్టడం మొదలుపెట్టేశాడు. మా వంతు వచ్చి పోయింది. డాక్టరు కూడా వెళ్ళిపోయాడు. "నీ మోకాలు ఏం చేద్దాం తాతా?" అంటే, "మోకాలు ఎక్కడికి పోతుందే, రిజిస్టరైతే రేపటికి చిందరవందర అయిపోయేది" అన్నాడు.

ఈ జబ్బు చూసి ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం.

చెల్లి బడిలో స్పానిష్ నేర్పే టీచరమ్మ పన్నెండుమంది పిల్లల్ని ఎంచింది. వేసవిలో ఆరు వారాలు ఆ భాష మాట్లాడే దేశం వెళ్ళి, అక్కడివాళ్ళ ఇళ్ళల్లో ఉండి, పొద్దున తరగతి, సాయంత్రం ఊళ్ళో మాటలు. ఖర్చంతా బడిదే. వెళ్ళొచ్చినవాళ్ళనే పై తరగతిలో స్పానిష్‌కి తీసుకుంటారు. వెళ్ళనివాళ్ళు వేరే ఏదో ఒకటి చదువుకోవాలి. పదహారు నిండితే మళ్ళీ పంపరు. చెల్లికి వచ్చే చలికాలానికి పదహారు. పెద్దయ్యాక రెండు భాషల మధ్య కూర్చుని ఇటు మాట అటు చెప్పే పని చేస్తానని అది ఆరో తరగతి నుంచీ చెప్పేది. ఆ పనికి ఉన్న తలుపు ఇదొక్కటే.

ఆ కబురు విని మా అమ్మ భయపడింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పొద్దంతా ఆవిరిలో నిలబడే మనిషి, ఊరు దాటి ఎరగదు. "ఆడపిల్ల, ఒక్కతే, ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో..." అని నసిగింది.

తాత ఒప్పుకోలేదు. "ఒక్కతెందుకే, పదకొండుమంది ఉన్నారు కదా. దాన్ని పోనీ. ఈ మెట్ల కింద ముగ్గురం కూర్చుంటే ఇరుకు" అన్నాడు.

నిజానికి మా అందరికంటే ఆయనకే ఎక్కువ తొందర. బడి అయ్యాక చెల్లి దుకాణంలోనే కూర్చుని పాఠం పైకి చదివేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన పని ఆపి వినేవాడు. "దారాన్ని ఏమంటారే వాళ్ళు?" అని అడిగితే, "ఈలో" అంది. ఇక చూస్కోండి, నెలరోజులు "ఏవే మొద్దూ, ఆ ఈలో ఇటు పడెయ్" అని నా ప్రాణం తీశాడు.

పాస్‌పోర్టు వచ్చిన రోజు దాన్ని అందరికంటే ముందు ఆయనే పుచ్చుకున్నాడు. ఫొటో చూడలేదు. వెన్ను నిమిరి, "ఇంత పల్చటి అట్టా? దేశాలు తిరగాల్సిన పుస్తకానికి?" అని పెదవి విరిచాడు. ఆ తర్వాత వీసా అంటించి ఇచ్చారు. చెల్లి దాన్ని వీధిలో చూపించని గడప లేదు. చెప్పులు కుట్టే ఆయన రెండుసార్లు చూశాడు. జిరాక్సు అబ్బాయి చెయ్యి తడిగా ఉందని కడుక్కుని వచ్చి మరీ చూశాడు. ఇన్ని చేతులు తెరిచి మూసేసరికి, ప్రయాణం మూడు రోజులుందనగా మధ్య కాగితాలు దారం నుంచి జారాయి. అట్ట ఒక మూల లేచింది.

"ఇలా ఇచ్చిపో, రేపటికి తీసుకుందువుగాని" అన్నాడు తాత. చెల్లి ఇచ్చేసి వెళ్ళింది. ఆయన చేతుల్లో పెట్టాక భయమేముంది?

ఆ పని నేను దగ్గరుండి చూశాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. పాత దారం తెంపి, వెలుతురుకి పెట్టి చూసి, "ఇదొక దారమా, రంగులూ వీళ్ళూ" అని పక్కన పెట్టాడు. ఒక్కొక్క కాగితం విడదీసి, ఎముకబద్దతో మడత నొక్కి, అవే రంధ్రాల్లోంచి మైనం పట్టించిన తెల్లదారంతో కుట్టాడు. ఆ దారం అందించింది నేనే. ఆ సంగతి దాచి ప్రయోజనం లేదు. అట్టకి జిగురు రాసి, ప్రెస్సులో బిగించి, మర్నాడు పొద్దున తీశాడు. కుట్టు బిగిసేసరికి అంచులు వెంట్రుకవాసి ఎగుడుదిగుడుగా కనిపించాయి. ఇంకెవరైనా వదిలేసేవాళ్ళు. ఆయన మిషనులో పెట్టి మూడు వైపులా సన్నగా కోసి సమం చేశాడు. చివర్లో మూలలు గుండ్రంగా చెక్కి, బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"చూడవే, ఇప్పుడు నూరేళ్ళు తెరిచి మూసినా చెక్కుచెదరదు."

"ప్రభుత్వం వాళ్ళు చూస్తే నిన్ను పిలిచి ఉద్యోగం ఇస్తారు పో" అన్నాను.

"ఈ వయసులో ఇంకెక్కడికి వెళ్తానే" అన్నాడు, నిజంగానే ఆలోచించి.

చెల్లి దాన్ని చూసి, "అయ్యో, కొత్తదానికంటే బాగుంది తాతయ్యా!" అని ఆయన బుగ్గకి బుగ్గ ఆనించింది. అమ్మ కూడా కళ్ళకద్దుకుని సంచీలో పెట్టింది. మా నలుగురిలో ఒక్కరికీ, ఒక్కరంటే ఒక్కరికి, తప్పు జరిగిందన్న ఊహే రాలేదు.

విమానాశ్రయంలో మిట్టమధ్యాహ్నం. పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు. రిబ్బను కట్టిన వరసలో చెల్లి ఏడోది. మేము రిబ్బనుకి ఇవతల. బల్ల వెనక అమ్మాయి పాస్‌పోర్టు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. మధ్య పేజీ మీద చిన్న ఊదారంగు దీపం పెట్టింది. మిగతా పిల్లలవి అలా చూడలేదు. ఎవరినో పిలిచింది. తెల్లచొక్కా వేసుకున్న అధికారి వచ్చి, అదే దీపం పెట్టి చూసి, తలెత్తి అడిగాడు.

"దీన్ని ఎవరు విప్పారు?"

చెల్లి నోరు తెరిచేలోపు మా తాత రిబ్బను కింద నుంచి దూరి వెళ్ళిపోయాడు. "నేనేనండీ!" అన్నాడు, బహుమతికి పేరు పిలిచినట్టు. "ఏం, ఎక్కడన్నా లేచిందా?"

"మీరేం చేస్తుంటారు?"

"బైండింగండీ. యాభై ఏళ్ళ నుంచి. ఒక్క మాట చెప్పనా, మీవాళ్ళు వేసిన కుట్టు చాలా నాసిరకం. కాస్త పైవాళ్ళకి చెప్పండి."

అధికారి బొటనవేలితో అంచు రాసి చూశాడు. ఆయన చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. "పని చాలా బాగుందండీ. అందుకే పంపలేను" అన్నాడు.

తాత ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన చెవికి మొదటి మాటే ఎక్కింది.

"దీని దారం దీపం కింద మెరవాలి. ఇది మెరవడం లేదు. కాగితాలు విప్పి కుట్టిన పాస్‌పోర్టు చెల్లదు. లోపల ఏ కాగితం మార్చారో అక్కడివాళ్ళకి ఎలా తెలుస్తుంది? దిగగానే పాపని ఒక గదిలో కూర్చోబెట్టి వెనక్కి పంపేస్తారు."

"అయితే విప్పేస్తాను" అన్నాడు తాత, కాలరులో సూది వెతుక్కుంటూ. "పాత దారం పారెయ్యలేదండీ, దుకాణంలోనే ఉంది. గంటలో తెచ్చి దాంతోనే కుట్టేస్తాను."

"అంచులు కూడా కోశారు కదండీ."

తాత ఆ పాస్‌పోర్టు వైపు చూశాడు. దారం మారిస్తే మారుతుంది, కోసిన కాగితం పెరగదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? సూది పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది.

టీచరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసింది, అధికారిని బతిమాలింది, చివరికి చెల్లిని పట్టుకుని ఏడ్చింది. చెల్లి ఏడవలేదు. తన టోపీ తీసి ఆవిడకి ఇచ్చింది, అది బడిదని. పదకొండుమంది అద్దాల తలుపు దాటి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపి, మా వైపు తిరిగి, "పదండి" అంది. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా తాత దారి పొడుగునా నిలబడే వచ్చాడు. కూర్చోమని చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

మర్నాడు తలుపులు తీయకముందే పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర ఉన్నాం. కిటికీలోని గుమస్తా ఆవిడ ఫారం ఇచ్చింది. పోయింది, దొంగిలించారు, పాడైంది. మూడు గడులు.

"పాడైంది దగ్గర టిక్కు పెట్టండి."

"పాడవలేదమ్మా, బాగుచేశాను."

"బాగుచేసినదానికి గడి లేదండీ. వెనకాల మీ చేత్తోనే రాయాలి. ఎవరు పాడుచేశారో, ఎలా పాడుచేశారో."

తాత బెంచీ మీద కూర్చున్నాడు. "నేను రాసిస్తాలే తాతా" అంటే ఆవిడ లోపల్నుంచే వద్దంది. కలం మూత తీశాడు, పెట్టాడు. అమ్మ పక్కన కూర్చుని, "రాయండి నాన్నా, పనికి టైమవుతోంది" అంది మెల్లగా. మా వెనకాల వచ్చినవాళ్ళు పని చూసుకుని వెళ్ళిపోయారు. ఆయన జీవితంలో ఒక్క పుస్తకం పాడుచేయలేదు. ఎలుకలు కొరికినవీ, వానలో తడిసినవీ, చంటిపిల్లలు చింపినవీ, అన్నింటినీ నిలబెట్టాడు. చివరికి రాశాడు. అక్షరాలు ఎంత పెద్దవంటే ఒక్క వాక్యానికి కాగితం సగం నిండింది. నా మనవరాలి పాస్‌పోర్టు నేను పాడుచేశాను, దానికేమీ తెలియదు.

"వారంలో ఇస్తారా అమ్మా? ఆలస్యంగానైనా వెళ్ళి వాళ్ళతో కలుస్తుంది."

"విప్పిన కేసు కదండీ, విచారణ ఉంటుంది. రెండు నెలలు పడుతుంది. వీసా మళ్ళీ మొదటినుంచీ."

చదువు ఆరు వారాలు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు.

ఇంటికొచ్చి చెల్లి పెట్టె విప్పి బట్టలు అలమారలో సర్దేసింది. అది ఉండాల్సిన ఇంటి ముసలావిడ, పిల్ల ఎందుకు రాలేదని ఉత్తరం రాసింది. చెల్లి స్పానిష్‌లో జవాబు రాస్తుంటే, "ఏం రాశావే?" అన్నాను. "ఒంట్లో బాలేదని రాశాను" అంది, తలుపు వైపు చూస్తూ. తలుపు అవతల తాత వింటూనే ఉన్నాడు.

"ఒక్కసారి తిట్టవే" అన్నాడు దానితో ఆ సాయంత్రం.

"ఎందుకు తాతయ్యా? నువ్వు కావాలని చేశావా?"

అది విని ఆయన నా దగ్గరికి వచ్చాడు. "పోనీ నువ్వు తిట్టు. నీకు బాగా వచ్చుగా." ఆయన్ని తిట్టడంలో నాకు ఎవరూ సాటిరారు, నిజమే. నోరు తెరిచాను. అన్నం చల్లారిపోతోంది, తిందువుగాని రమ్మన్నాను.

దుకాణం తెరుస్తూనే ఉన్నాం. కానీ ఎవరు పుస్తకం తెచ్చినా ఆయన వంద ప్రశ్నలు వేస్తున్నాడు. "విప్పమంటారా? బాగా ఆలోచించుకుని చెప్పండి. అంచు కొయ్యనా, వద్దా? కోస్తే మళ్ళీ రాదు." "ఏంటి తాతా, పెళ్ళి సంబంధం అడిగినట్టు అడుగుతున్నావు, కుట్టిచ్చెయ్" అని విసుక్కున్నాడు ఒకాయన. తన పుస్తకం తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయాడు. చెప్పులు కుట్టే ఆయన పలకరించినా తాత ఊఁ అనడమే.

పిల్లలు తిరిగొచ్చారు. గలగలా మాట్లాడుకుంటూ వీధిలో పోయే వాళ్ళ మాటల్లో సగం చెల్లికి అర్థమయ్యాయి, సగం కాలేదు. అది మాతో అలాగే చెప్పింది, దాచకుండా. కొత్త పాస్‌పోర్టు ఆ తర్వాత రెండు వారాలకి వచ్చింది. కవరు చింపింది అమ్మ. తాత దగ్గరికి కూడా రాలేదు.

బడి తెరిచిన మూడో రోజు చెల్లి ఒక కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చింది. స్పానిష్ బదులు టైపింగు తీసుకుంటున్నట్టు ఇంటి పెద్ద సంతకం కావాలి. అమ్మ పని నుంచి వచ్చేసరికి బడి ఆఫీసు మూసేస్తారు.

"ఎక్కడమ్మా?" అన్నాడు తాత.

చెల్లి వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. కాగితం కుడివైపు మూల మడతపడి ఉంది. అలవాటుగా ఆయన చెయ్యి అటు వెళ్ళి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చేసింది.

"మూల మడతపడింది. సరిచెయ్యనా?"

"చెయ్ తాతయ్యా, దానికి నన్నడగాలా?"

ఆయన చెయ్యలేదు. గీత మీద జాగ్రత్తగా సంతకం పెట్టి, మడత మడతగానే ఉంచి, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని కాగితాన్ని దానికి తిరిగిచ్చేశాడు.