అత్యవసరానికి ఇచ్చిన నంబరు

మా చెల్లెలికి మంచు కొండలు చూసొచ్చాక మతి చెడిందని మా బంధువులు చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, నాకు వినపడేలాగే చెప్పుకుంటారు. అది అబద్ధం. జరిగిందేదో మంచు చూడకముందే జరిగింది. పట్టపగలు, దాని ఇంటి వరండాలో, ట్రావెల్ ఇన్సూరెన్సు ఎంచుకునేటప్పుడు జరిగింది. పక్కన కూర్చున్నదాన్ని నేను. చెప్పుకునేవాళ్ళలో ఒక్కరూ అక్కడ లేరు. లేనివాళ్ళకే వివరాలు ఎక్కువ తెలుస్తాయి, అదేమిటో.

చెల్లెలి అత్తగారిల్లు కృష్ణపట్నం పోర్టుకు ఇవతల, వేట మీద బతికే ఊళ్ళో ఉంది. అది పోర్టు దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. దాని మొగుడు, మా మరిది, ఫైబర్ బోటులో వేటకు పోయి తిరిగి రాలేదు. బోటు వచ్చింది, తోటివాళ్ళు వచ్చారు. వెనక నిలబడి వల లాగుతున్న మనిషి, వీళ్ళు తిరిగి చూసేసరికి లేడు. ఆ రోజు గాలి లేదు, పెద్ద అల లేదు. కొన్నాళ్ళు వెతికారు, ఆపేశారు.

శవం దొరకనివాళ్ళకు దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం చేసి, కర్మ జరిపిస్తారు. మా చెల్లెలి అత్త అదే అడుగుతూ వచ్చింది. కొడుకు అటూ ఇటూ కాకుండా నీళ్ళలో తిరుగుతున్నాడని, తను పోయేలోగా వాడికొక దారి చూపాలని ఆమె బాధ. చెల్లెలు ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు. ఆయన సెల్ నంబరు ఇంకొకరికి పోకుండా నెలనెలా రీచార్జి చేయిస్తూనే ఉంది. ఫోను మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ రోజు ఆయన నడుముకే కట్టి ఉంది. ఆయనతోనే పోయింది.

కిందటేడు దాని ఆఫీసు వాళ్ళు కజకిస్తాన్‌కు బయలుదేరారు, మంచు మీద స్కీయింగ్ నేర్చుకోవడానికి. టికెట్లు కంపెనీవి, ఇన్సూరెన్సు ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. చెల్లెలు అత్తతో ఒక ఒప్పందానికి వచ్చింది.

"సముద్రం కనపడని చోటికి ఒక్కసారి పోయొస్తా అత్తా. వచ్చినాక నువ్వు చెప్పినట్టే కానిద్దాం."

ఆమె సరేనంది. ఆ రోజే పురోహితుడికి కబురు పెట్టింది.

ఇన్సూరెన్సు కోసం నన్ను పిలవడంలో వింత లేదు. కాగితాలు చదివి పోట్లాడటం నాకు వచ్చిన ఏకైక కళ అని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయమే. ఆదివారం నెల్లూరు నుంచి పోయి, వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని మూడు పాలసీలు తెరిచాను. మామూలు ట్రావెల్ పాలసీకి స్కీయింగ్ అనేది లెక్కలోకే రాదు. సామాను పోతే ఇస్తారు, కాలు విరిగితే ఇవ్వరు. మంచు ఆటలకు విడిగా కవరేజీ చేర్చుకోవాలి. అది చేర్చుకున్నా, జెండాలు పాతిన దారి దాటి జారితే మీ ఖర్మ అంటారు. దెబ్బ తగిలితే కొండ మీది నుంచి దించే హెలికాప్టరు ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదు. శవాన్ని సొంత ఊరికి చేర్చే ఖర్చు మూడింటిలోనూ ఉంది. నేను అన్నీ పైకి చదువుతున్నాను. గడప లోపల కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న దాని అత్త చేతులు ఆగిపోయాయి.

"ఇంటి ముందర కూర్చోని ఆ మాటలేంది అమ్మాయ్" అంది.

నేను వినలేదు. చదవకుండా కొనేవాళ్ళే తర్వాత ఏడుస్తారని జవాబు చెప్పాను. హాస్పిటల్ ఖర్చు ఎక్కువ ఇచ్చే రెండోది తీసుకోమన్నాను. చెల్లెలు మూడోదాని మీద వేలు పెట్టింది. ధర ఎక్కువ, హాస్పిటల్ ఖర్చు తక్కువ. తెలివిగలవాళ్ళెవరూ తీసుకోరని అన్నాను.

"దీంట్లో వెతికేది ఉంది గదక్కా" అంది. "మనిషి కనపడకపోతే వెతికించే ఖర్చు. నాకు ఇదే కావాల."

మూడోదాని ఫారమే తెరిచాను.

నామినీగా నన్ను పెట్టింది. ఏం జరగదులే, ఊరికే కాగితం కోసం అన్నాను. అత్యవసరమైతే ఫోన్ చేయడానికి నామినీ కాకుండా ఇంకొక మనిషి నంబరు కావాలట. చెల్లెలు ఆలోచించకుండా కొట్టేసింది. చూస్తే మరిది నంబరు. ఎవరు ఎత్తుతారే అని కసిరాను.

"ఏం జరగదని నువ్వే అంటివి గదా. ఏం జరగనప్పుడు ఎవురెత్తితే ఏంది" అంది నవ్వుతూ. నా మాటతోనే నన్ను కొట్టడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

డబ్బు కట్టిన కాసేపటికి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగే మాట్లాడింది. ఫోను స్పీకర్లో ఉంది. మంచు ఆటల కవరేజీ ఉన్నందువల్ల వివరాలు సరిచూస్తున్నామని, చెల్లెలి పుట్టినతేదీ, ఆస్తమా, గుండెజబ్బు, అన్నీ అడిగింది. చివర్లో చాలా మామూలుగా అంది:

"ఎమర్జెన్సీ కాంటాక్ట్ వెరిఫికేషన్ కూడా అయిపోయింది మేడమ్. సార్ ఎత్తారు."

రొయ్యల గిన్నె కదిలిన చప్పుడు వినపడింది. ఏ సారని నేను అడిగాను.

"మీ హస్బెండే కదా మేడమ్? మా ఇంటావిడేనండీ అన్నారు. హోరుగాలి, సరిగా వినపడలేదు. చలికి చెవుల పోటు వస్తుంది, గుడ్డ కట్టుకోమనండి అని చెప్పారు."

చెల్లెలి చెయ్యి చెవి మీదికి పోయింది. మార్గశిరం గాలి తగిలితే దానికి చెవుల పోటు. ఆ అమ్మాయి అడిగిన జబ్బుల్లో చెవుల ఊసే లేదు. మేము చెప్పలేదు. నింపిన ఫారం నేను మళ్ళీ మళ్ళీ చూశాను, అందులోనూ లేదు.

నాకు తెలిసింది నేను చెప్పాను. ఆ పిల్ల ఎవరికీ ఫోన్ చేయలేదు, పని అయిందనిపించుకోవడానికి ఒక మాట కల్పించింది, చలిదేశం పోయేవాళ్ళకు చెవులు కప్పుకోమని ఎవరైనా చెబుతారు. అదే ఊపులో కంపెనీకి ఫోన్ చేసి పైవాడితో పోట్లాడాను. ఆ నంబరుకు చేసిన కాల్ రికార్డు అయిందని ఆయన ఒప్పుకున్నాడు. వినిపించమంటే, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ళు స్వయంగా అడగాలన్నాడు. ఫోను చెల్లెలి చేతికిచ్చాను. అది తీసుకుంది, "ఏమీ అక్కర్లేదండీ" అని పెట్టేసింది.

దాని అత్త గడప పట్టుకుని లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నన్ను అడిగినాడా?" అంది.

చెల్లెలు లాప్‌టాప్ మూసింది. ఆమె "మాట్లాడతన్నాడంటే ఇంకా యాడా చేరలేదనే గదా. అందుకే తొందరగా కానీమనేది" అని లోపలికి పోయింది.

చెల్లెలు పోయింది, మంచు మీద జారింది, రెండు సార్లు పడింది, ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చింది. పంపిన ప్రతి ఫోటోలోనూ చెవులకు గుడ్డ కట్టుకునే ఉంది. వచ్చిన మర్నాడే కర్మ జరగదని చెప్పేసింది. ఉన్న మనిషికి కర్మ ఏంది అంది. అంతే, మంచు చూసొచ్చి మతి చెడిందన్నారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాటను రెండు రకాలుగా నమ్ముకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా బతుకుతున్నారు. ముసలామెకు తిండి సయించడం లేదు. పోయిన నెల ఆమె కబురు పెడితే మళ్ళీ పోయాను. ఒక్కసారి ఆ రికార్డింగు అడగవే, ఆయన గొంతు కాకపోతే ఈ పెద్దప్రాణానికి శాంతి దొరుకుతుంది అని చెల్లెల్ని బతిమాలాను. నేను బతిమాలడం అరుదు. ఆయన గొంతే అయితే అప్పుడేం చేస్తావు అని అడిగింది. అడిగి మిద్దె మీదికి పోయింది.

మధ్యాహ్నం ఎండ. కింద వరండాలో కూర్చుని, కోపంలో, నా ఫోను తీసి మరిది నంబరు కొట్టాను. అంతకుముందు చాలాసార్లు కొట్టాను. ప్రతిసారీ స్విచ్ఛాఫ్ అనే వచ్చేది. అదే విని, అదే మాట మిద్దె ఎక్కి దాని మొహాన చెబుదామనుకున్నాను.

మీరు కాల్ చేస్తున్న వ్యక్తి మరొక కాల్‌లో ఉన్నారు అని వచ్చింది.

పెట్టేసి వాకిట్లోకి వచ్చి పైకి చూశాను. చెల్లెలు పిట్టగోడ దగ్గర నాకు వీపు పెట్టి, సముద్రం వైపు నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గరే ఉంది. తల ఊపుతోంది, అవతలివాళ్ళు చెప్పేది ముగిసేదాకా ఆగే మనిషిలా.

అది మిద్దె దిగాక అడిగాను, చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పడం లేదు. నేను వాదించను, ఎదురు చెప్పను, నమ్ముతాననీ నమ్మననీ అనను. ఒక్కటే చెప్పవే తల్లీ, ఆ మధ్యాహ్నం నువ్వు మాట్లాడింది ఎవరితో?