మగ్గం ఉన్న ఇంటికి బీమా

నా చిన్నప్పుడు ఉప్పాడలో మాది తాటాకిల్లు. గడప దాటి లోపలికి వెళ్తే సగం గది మగ్గమే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నాన్న చీరలు నేసేవాడు. మగ్గం మీద సాగదీసిన పడుగు దారాలు తడిస్తే నెల కష్టం పోయినట్టే. అందుకే వాన మొదలైతే మేం ముందు మా పక్కబట్టల్ని కాదు, మగ్గాన్ని చూసుకునేవాళ్ళం.

ఎండాకాలం చివర్లో కప్పు కొత్తగా నేయించాలి. చాలా ఏళ్ళుగా ఒకాయనే వచ్చి నేసి వెళ్ళేవాడు. నాకు పదేళ్ళప్పుడు ఇంకొకతను వచ్చి, ఆయనకంటే తక్కువకే నేస్తానన్నాడు. నాన్న సరే అనబోయాడు. నాన్న తల్లి, మా మామ్మ, ఆపింది. పాతాయన్నే ఉంచుకోమంటుందేమో అనుకున్నాం. ఆవిడ ఆ మాట అనలేదు. కొత్తతన్ని లోపలికి పిలిచి మగ్గం చూపించింది.

“ముందు ఆ గుంటలో దిగి కూర్చో నాయనా. కూర్చుని పైకి చూడు. రేటు తరవాత మాట్లాడుకుందాం.”

“ఇల్లు నేయడానికొచ్చానండి మామ్మగారూ, చీర నేయడానికి కాదు,” అని అతను నవ్వాడు. నవ్వుతూనే దిగాడు.

సముద్రం వైపు చూరు కింద నుంచి జల్లు ఎలా లోపలికి కొడుతుందో, అది సరిగ్గా పడుగు మీద ఎలా పడుతుందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. అతను చాలాసేపు చూశాడు. పైకి వచ్చాక, ఆ వైపు ఆకు రెండు వరసలు వేయాలని, చూరు ఇంకా కిందికి దించాలని, ముందు చెప్పిన రేటుకి అది కుదరదని ఒప్పుకున్నాడు. కొంచెం పెంచాడు. మామ్మ సరేనంది. పాతాయన మంచివాడే. కానీ ఎప్పుడూ ఒకేలా నేసేవాడు, మాకు ఎప్పుడూ అక్కడే కురిసేది. మనిషిని మార్చడం తప్పూ కాదు, మార్చకపోవడం గొప్పా కాదని, ఇంట్లో ఏది తడవకూడదో ఎదుటివాడికి తెలిశాకే బేరం మొదలవ్వాలని ఆ రోజు నాకు అర్థమైంది. ఈ కథ నలుగురిలో కూర్చున్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాను కూడా.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. మా అమ్మానాన్నల తరవాత అదే స్థలంలో పెంకుటిల్లు వేసుకుని మా అక్క ఉండేది. బావ పోయాక ఆ మగ్గమే అక్కకి ఆధారం. ఆ ఇంటికి ఒక ఏజెంటుగారు బీమా చేయించేవారు. ఏటా కాకినాడ నుంచి స్వయంగా వచ్చి, మగ్గం పక్కనే పీట మీద కూర్చుని కాగితం నింపేవారు. ఎన్నాళ్ళు ఒకే కంపెనీ, ఊరికే ఎక్కువ కడుతున్నావని నేనే అక్కని దెప్పేవాణ్ణి. ఒక ఆదివారం ఉప్పాడ వెళ్ళినప్పుడు ఫోన్‌లో నాలుగు కంపెనీలు పక్కపక్కన పెట్టి చూశాను. అన్నిటికంటే తక్కువ చెప్పిన కంపెనీ ఫారంలో, ఇల్లు నివాసానికి మాత్రమే వాడుతున్నారా అనే ప్రశ్న వచ్చింది. కాదు అని నొక్కితే ప్రీమియం పెరిగింది. వెనక్కి వెళ్ళి అవును అని నొక్కి, అక్క పేరున ఆ పాలసీ తీసుకున్నాను.

ఆ ఏడు తుపానుకి సముద్రం రోడ్డు దాటి వీధిలోకి వచ్చింది. మగ్గం గుంట నిండిపోయింది. తూర్పు గోడ పడిపోయింది, మిగతా గోడలు నిలవవని చెప్పి తరవాత వాటినీ పడగొట్టించారు. నష్టం చూడడానికి కంపెనీ తరఫున వచ్చిన సర్వేయరు మర్యాదగానే మాట్లాడి, మగ్గానికి ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. వివరాలు తప్పుగా ఇచ్చినందువల్ల చెల్లించడం కుదరదని.

వీధిలో అందరూ ఏమైందని అడిగారు. పాత ఏజెంటే కాగితాలు సరిగ్గా నింపలేదని చెప్పాను. నమ్మారు. ఆ వీధివాళ్ళు ఆయన దగ్గర బీమా చేయించుకోవడం ఒక్కొక్కరే మానేశారు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొన్న ఆయన ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. కోప్పడతారనుకున్నాను. “కంపెనీ మారితే మారారండి, అది మీ ఇష్టం. మగ్గం ఉందని రాసుంటే వాళ్ళూ ఇచ్చేవారేమో,” అన్నారు. కాఫీ కూడా ఇప్పించారు.

అక్కడి నుంచి అక్క దగ్గరికి వెళ్ళాను. అద్దె గదిలో ఉంటోంది, వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేస్తోంది. తడబడుతూ మొత్తం చెప్పాను. చేతిలోని దారం పక్కన పెట్టకుండానే వింది.

“నాకు తెలుసు కదరా. మగ్గం ఉందని రాయవా అని నేనే అడిగితే అక్కర్లేదన్నావు. చదువుకున్నవాడివి, నీకు తెలుసులే అనుకున్నాను.”

మరి వీధిలో ఎందుకు చెప్పలేదన్నాను.

“అందరి ముందూ నిన్నేమనను?”

కంపెనీకి రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండుసార్లూ అదే జవాబు వచ్చింది. వాళ్ళని తప్పు పట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు ఎవరైనా తమ పాలసీ చూసిపెట్టమని ఇస్తే రేటు చూడను. ఆ ఇంట్లో ఏముందో అడిగి, దేనికి డబ్బు ఇవ్వరో రాసిన పేజీ ముందు చదువుతాను. కొందరికి పాత కంపెనీలోనే ఉండమని, కొందరికి మారమని చెప్పాను. మామ్మ దగ్గర నేర్చుకున్నది ఇన్నాళ్ళకి సరిగ్గా చేస్తున్నాను. అక్కకి మాత్రం బీమా చేయించడానికి ఇల్లు లేదు.