నేను ఏడిపించిన నాస్తికుడు

నిరుడు మణుగూరులో, మా కాలనీ చర్చిలో వెయ్యిమంది ముందు సాక్ష్యం చెప్పాను. సరే, ముప్పైమంది ఉంటారు. ఆనాటి అంశం ‘అవిశ్వాసుల మధ్య విశ్వాసి ఎలా మెలగాలి’. సాక్ష్యం రక్తి కడితే నన్ను సంఘపెద్దను చేస్తారని నా ఆశ.

“మా పక్క క్వార్టర్ రాజయ్య దేవుడే లేడంటాడు. అడవి దారిలో ఎదురుపడితే గంటసేపు వాక్యం చెప్పాను. గజగజ వణికి, భోరున ఏడ్చాడు!” అన్నాను.

చర్చి బయట కట్టిన మైకు సంగతి మరిచాను. అందరూ హల్లెలూయా అంటుండగానే రాజయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏం తమ్ముడూ, నిజంగా ఏడ్చావా?” అని పాస్టరుగారు సంబరంగా అడిగారు.

“అవ్ అయ్యగారూ, ఏడ్చిన. గీ మా పక్క క్వార్టర్ శామ్యేలు కాకకు షుగర్ తగ్గి అడవిల పడిపోతే, దవాఖానా దాక వీపు మీద మోసిన. మనిషి ఎనభై కిలోలాయె. నడుం పట్టేస్తే ఏడ్వకుంట ఏం జేస్త?”

“మరి వాక్యం?”

“ఏం వాక్యం? తొవ్వంత ‘నన్ను ఇడిసిపెట్టకు రాజయ్యా’ అన్నడు. గంతే.”

చర్చి గొల్లుమంది. నేను లేచి, వణికింది కూడా నేనేనని ఒప్పుకున్నాను. పెద్దరికం ఇంకొకరికి పోయింది.

అవిశ్వాసులు మన దేవుణ్ణి ఎందుకు నమ్మరని ఇప్పటికీ సభలు పెడుతూనే ఉన్నాం. చూసిన మనిషి గురించే ఇన్ని కోతలు కోసేవాళ్లం, చూడని దేవుడి గురించి చెబితే ఎవరు నమ్ముతారు?