ఇంటికి తెచ్చుడు, పోయి తినుడు

పెళ్లయి సెంటినరీ కాలనీకి వచ్చిన మూడో రోజు, పొద్దున ఏడు గంటలకు నాకు ఆకలేసింది. వంటింట్లో అన్నం ఉంది, పప్పు ఉంది, మామిడికాయ తొక్కు ఉంది. కానీ ఏడింటికే అన్నం తినడం నాకు అలవాటు లేదు. ఆ మాట మా ఆయనకు మెల్లగా చెప్పాను. ఆయన బండి తీసుకుని చౌరస్తా దాకా వెళ్లి రెండు ప్లేట్ల ఇడ్లీ కట్టించుకుని వచ్చాడు.

అత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కొడుకు చేతిలో పొట్లం చూసి చాట ఆపింది.

"ఏందిరా అది?"

"ఇడ్లీ అమ్మా. ఆమెకు పొద్దుగాల్నే అన్నం పోతలేదట."

"ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా?"

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మా ఆయన నవ్వబోయి మానుకున్నాడు. ఆ మాటకు అర్థం తర్వాత చెప్పాడు. వాళ్ల ఊరి వైపు మనిషి పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు వాళ్లు అన్నం, పప్పు వండి తెచ్చి పెడతారు. ఎవరో వండినది గడప దాటి ఇంట్లోకి వచ్చేది అప్పుడు మాత్రమే.

ఆ ఇడ్లీని పెరట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చుని తిన్నాను. చట్నీ బాగానే ఉంది.

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్నం. రెండు ఇళ్లవాళ్లూ క్రైస్తవులమే. మా పాస్టరుగారికి తెలిసిన ఇంకో పాస్టరుగారు ఈ సంబంధం చెప్పారు. అబ్బాయి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడనీ, వాళ్ల నాన్న అండర్‌గ్రౌండ్‌లో పనిచేస్తాడనీ, కంపెనీ క్వార్టరు ఉందనీ చెప్పారు. ఏం తింటారు, ఎప్పుడు తింటారు అని ఎవరూ అడగలేదు. తెలుగువాళ్లే కదా అనుకున్నారు.

మా ఊళ్లో నాన్న రోజూ పొద్దున్నే స్టీలు గిన్నె, మూత ఉన్న చట్నీ డబ్బా పట్టుకుని బజారు వెనక హోటలుకు వెళ్లేవాడు. మా వీధిలో సగం మంది మగవాళ్లు అక్కడే కలిసేవారు. ఆయన వచ్చేలోపు అమ్మ మాకు జడలు వేసేది. ఇడ్లీ బయటినుంచి వచ్చిందని ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. పిండి రుబ్బే పని తప్పిందని సంతోషించేవాళ్లం. అయితే ఇన్నేళ్లూ ఆ ఇడ్లీలు తిన్న మా అమ్మ ఆ హోటలు లోపల ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఆడవాళ్లు హోటల్లో కూర్చుని తినడం మా వీధిలో చెప్పుకునే సంగతి అయ్యేది.

అందుకే రెండో ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన నన్ను గోదావరిఖని తీసుకెళ్లి హోటల్లో బిర్యానీ తినిపించినప్పుడు నాకు ముద్ద దిగలేదు. చుట్టూ గని కార్మికుల కుటుంబాలు. చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు, జ్యోతినగర్ కరెంటు ప్లాంటు నుంచి కార్లలో వచ్చిన ఇంజనీర్లు, వాళ్ల హిందీ మాటలు. నన్నెవరూ చూడలేదు. నేనే మూడుసార్లు తలుపు వైపు చూశాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ తిడుతుందనుకున్నాను.

"తిన్నరా? మంచిగున్నదా?" అని అడిగి నీళ్లిచ్చింది. అంతే.

నాకు ఆ లెక్క అర్థం కాలేదు. పొట్లానికి అంత కోపం వచ్చిన మనిషికి ప్లేటు మీద ఏ కోపమూ లేదు. మరి మీరూ ఎప్పుడైనా వెళ్లారా అని అడిగితే, "నాకెందుకు బిడ్డా, మీరు పోయి తినుండ్రి" అంది.

ఆమెను నేను మొదట్లో "అత్తయ్యగారూ" అని పిలిచేదాన్ని. ఆమెకు నవ్వొచ్చేది. "గారు గీరు వద్దు, అత్తమ్మ అను సాలు" అనేది. మామకు ఫస్ట్ షిఫ్టు ఉన్న వారం ఆమె నాలుగింటికే లేచి పొయ్యి ముట్టించేది. అప్పటికి గ్యాస్ వచ్చి చాలా ఏళ్లయినా ఆమె నోట అది పొయ్యే. అన్నం, కూర, తొక్కు మూడు గిన్నెల్లో సర్ది, గుడ్డ చుట్టి మామ చేతికిచ్చేది. ఆయన డ్యూటీకి వెళ్లాక మంచం మీద కాసేపు కూర్చునేది. ఆ కాసేపట్లో ఆమెను ఎవరమూ పలకరించేవాళ్లం కాదు.

నేను దగ్గర్లోని ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. పొద్దున అన్నం తినడం ఒక నెలలో అలవాటైంది. కడుపు త్వరగానే ఒప్పుకుంది.

ఆ మరుసటి ఏడు ఎండలు ముదరకముందు మా నాన్న చూడడానికి వచ్చాడు. తెల్లవారుజామున రామగుండంలో రైలు దిగి గోదావరిఖని బస్టాండుకు చేరాడు. అక్కడ హోటలు తెరిచేదాకా ఆగి ఇంటిల్లిపాదికీ ఇడ్లీ, వడ, పూరీ కట్టించుకున్నాడు. ఎనిమిదింటికి రెండు చేతుల నిండా పొట్లాలతో గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మామకు ఆ వారం సెకండ్ షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు.

వియ్యంకుడు వస్తున్నాడని అత్తమ్మ పొద్దున్నే కోడి కోయించింది. కూర అయిపోయింది. జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెట్టింది. నేను పొట్లాలు చూశాను, ఆమె ముఖం చూశాను.

"చెల్లెమ్మగారూ, మీకు పొద్దున్నే శ్రమ ఎందుకని టిఫిన్ తెచ్చేశాను" అన్నాడు నాన్న. ఆయన గొంతులో నిజంగా సంతోషమే ఉంది.

"శ్రమ ఏంది అన్న?" అంది అత్తమ్మ. "నాకు చేతగాదని ఎవలన్న చెప్పిన్రా?"

"అయ్యో, అట్లా కాదమ్మా..."

"మా ఇంటికొచ్చిన సుట్టం బయటి కూడు తెచ్చుకొని తిన్నడంటె, రేపు నేను పదిమందిల ఎట్ల తిరగాలె?"

నాన్న ఆ పొట్లాలను కింద పెట్టాలో వద్దో తెలియక పట్టుకునే ఉన్నాడు. పూరీల నూనె కాగితంలోంచి ఆయన చొక్కా మీదికి దిగుతోంది. నాకు ఇద్దరి మీదా జాలి కలగలేదు. ఎక్కడికైనా వెళ్లిపోతే బాగుండుననిపించింది. చివరికి మామ లేచి వచ్చి ఆ పొట్లాలు అందుకున్నాడు.

"పూరీయేనా బావా? తే. ముప్పై ఏండ్ల సంది క్యాంటీన్‌ల ఇదే తింటున్న. నాకిది లేకపోతె పొద్దు గడువది."

అత్తమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏ క్యాంటీన్?"

"గని క్యాంటీన్. దిగెటప్పుడు రోజు తింట."

"మరి నేను కట్టిచ్చే గిన్నె?"

మామకు అప్పుడు అర్థమైంది, ఏం బయటపెట్టాడో. కాస్త తటపటాయించి నిజమే చెప్పాడు. "నీ గిన్నె మా గ్యాంగోళ్లు తింటరు. అది లోపలికి పోంగనే ఆరుగురు చేతులు పెడ్తరు. నాకు రెండు ముద్దలు దొరికితె గొప్ప. వాళ్ల ఇండ్లల్ల గంత మంచిగ వండరంట."

తర్వాత మామ చాప పరిచి కోడికూర గిన్నె ఒకవైపు, పొట్లాలు ఒకవైపు పెట్టి ప్రార్థన చేశాడు. ఇంట్లో వండినదానినీ, దూరం నుంచి ప్రేమతో తెచ్చినదానినీ దీవించమన్నాడు. నాన్న కోడికూరతో రొట్టె తిన్నాడు. మామ పూరీ తిన్నాడు. అత్తమ్మ పొట్లాలు ముట్టలేదు.

సాయంత్రం నాన్నను బస్సు ఎక్కించడానికి వెళ్తూ, బయటి తిండి గడప దాటితే ఇక్కడ ఏమనుకుంటారో చెప్పాను.

"చుట్టం ఇంటికి ఒట్టి చేతులతో ఎట్లా వెళ్తామమ్మా? నేనేం తప్పు చేశాను?" అన్నాడు.

"ఏ తప్పూ చేయలేదు నాన్నా. ఈసారి పళ్లు తీసుకురా" అన్నాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ఆయన అరటిపళ్లే తెచ్చాడు.

మామతో అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బజారుకు వెళ్లి ఇంట్లో ఎప్పుడూ లేనంత పెద్ద టిఫిన్ గిన్నె కొనుక్కొచ్చింది. ఆ రోజు నుంచి కూర రెట్టింపు వండేది.

పెళ్లయిన ఎనిమిదేళ్లకు, ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో, గనులు ఆగిపోయాయి. బళ్లు మూతపడ్డాయి. మా ఆయన పొద్దున్నే వెళ్లి శిబిరంలో కూర్చునేవాడు. ఒకరోజు కాలనీ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి, రోడ్డు మీదే వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఇంటింటికీ తిరిగి బియ్యం, పప్పు పోగుచేశారు. నాన్న ఫోన్ చేసి, "నువ్వు బయటికి వెళ్లకు, ఇంట్లోనే ఉండు" అన్నాడు. నాకూ వెళ్లాలని లేదు. వెళ్లకూడదనీ లేదు.

అత్తమ్మ కత్తిపీట చంకన పెట్టుకుని బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"నువ్వు వస్తలేవా?"

"నేనొస్తే బాగుంటుందా అత్తమ్మా?"

"ఇంట్ల కూసుంటె ఇంకో మాటంటరు. నడువు, బస్తెడు ఉల్లిగడ్డలున్నయి, ఎవలు కోస్తరు?"

వెళ్లాను. అందరికీ ముఖాలు తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి పక్కన కూర్చున్న ఒకామె మాత్రం అడిగింది.

"టీచరమ్మా, నువ్వు ఎటుదిక్కు?"

"ప్రస్తుతానికి ఉల్లిగడ్డల దిక్కు" అన్నాను. ఆమె నవ్వింది.

మధ్యాహ్నం రోడ్డు మీద వరుసగా విస్తరాకులు వేశారు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. అత్తమ్మ తెల్లగీత పక్కనే కూర్చుని తింది. పెళ్లిళ్లూ విందులూ తప్ప ఆమె ఇంటి బయట తినడం నేను చూడడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అన్నాను, "మొత్తానికి బయట తిన్నారు అత్తమ్మా."

"బయట ఏంది? వండింది మనమే గద" అంది. తర్వాత, "పప్పుల దుమ్ము పడ్డది" అని రాత్రికి మళ్లీ వండింది.

ఆ తర్వాత రెండేళ్లకు ఆమె కంట్లో శుక్లం ముదిరింది. మామ అప్పటికి రిటైరయ్యాడు గానీ మోకాళ్ల నొప్పులతో బస్సు ఎక్కలేడు. మంచిర్యాలలో ఆపరేషన్‌కు నేనే తీసుకెళ్లాను. రెండు రోజులు ఉండమన్నారు. ఆమె మాట ప్రకారం రెండు రోజుల తిండి ఇంటినుంచే కట్టుకెళ్లాం. మంచి ఎండాకాలం. రెండో రోజు మధ్యాహ్నం గిన్నె మూత తీస్తే పప్పు పులిసిన వాసన. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మూత పెట్టేసింది.

"ఇది తినరాదు" అంది.

"పక్కనే హోటలుంది. ఇక్కడికే కట్టించుకొస్తాను, పడుకోండి."

"వద్దు. తినాలంటె పోయి తిందాం."

నల్లద్దాలు పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నడిచింది. హోటల్లో కుర్చీ లాగాను. ఆమె కూర్చోలేదు. తిన్నగా వంటగది తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. లోపల ఒక నడివయసు ఆడమనిషి గంజి వారుస్తోంది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"చెన్నూరు దిక్కు అవ్వా."

"కూర ఇప్పటిదేనా, పొద్దుగాలటిదా?"

"ఇప్పుడే దించిన. సూడు, పొగలు పోతున్నయి."

అద్దాల్లోంచి ఆమెకు పొగలు కనిపించాయో లేదో నాకు తెలియదు. తల ఊపి వచ్చి కూర్చుంది. అన్నం, సొరకాయ కూర, చారు. మారు కూడా వేయించుకుంది. "ఉప్పు సరిపోయింది" అంది.

పదేళ్లుగా అడగాలనుకున్న మాట అప్పుడు అడిగాను. "ఇంటికి తెస్తే కోపం, వెళ్లి తింటే లేదు. ఏంటి అత్తమ్మా తేడా?"

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "పోయి తినుడు అంటె వాళ్లింటికి మనం సుట్టం పోయినట్టు. ఇంటికి తెచ్చుడు అంటె మనింట్ల వండెటోళ్లు లేనట్టు. గంతే."

మా అమ్మ సంగతి చెప్పాను. రోజూ హోటలు ఇడ్లీ తిన్నా ఆ హోటలు లోపలికి వెళ్లలేదని, వెళ్లడమే తప్పని మా వీధివాళ్లు అనుకునేవారని చెప్పాను. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"ఒక్కసారి గూడ పోలేదా? పాపం" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. ఎందుకంటే తనూ హోటల్లో అడుగుపెట్టి అరగంటే అయిందన్నది ఆమెకు గుర్తు లేదు.

కన్ను చూపించుకోవడానికి ఆ తర్వాత నాలుగుసార్లు మంచిర్యాల వెళ్లాం. ప్రతిసారీ దవాఖాన అయ్యాక ఆ హోటలుకే. చెన్నూరు ఆమె అత్తమ్మను గుర్తుపట్టి, ఆ రోజు ఏ కూర బాగుందో తనే చెప్పేది. ఒకసారి అత్తమ్మ ఆమెకు ఇంటి మామిడికాయ తొక్కు సీసా కూడా తీసుకెళ్లింది. నాలుగోసారి డాక్టరు అద్దం పెట్టి చూసి, కన్ను పూర్తిగా మానిందనీ ఇక రానక్కర్లేదనీ చెప్పాడు.

అత్తమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"గట్ల కాదు సారూ, నెలకోపారి సూపిచ్చుకుంటె మంచిది గద?" అంది.