మబ్బు వెంట ఈదిన రుయ్‌ఫెన్

చైనాలోని వూహూ ఊరి క్రీడా పాఠశాలలో ఈత కొలనుకు రేకుల కప్పు. నాలుగో వరుస మీదుగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తుప్పు చార ఒకటి ఉండేది. మియావో రుయ్‌ఫెన్ చిన్నప్పటి నుంచీ ఆ చారను చూసుకుంటూనే వెల్లకిల ఈదింది. తక్కినవాళ్లకు కొలను అడుగున గీతలుంటాయి. వెల్లకిల ఈదేవాళ్లకు పైకప్పే దారి. ఈత నేర్పే తాన్ మాస్టారు కూడా ఆ చార సంగతి పట్టించుకోలేదు. పిల్ల బాణంలా పోతోంది, ఇంకేం కావాలి?

పదిహేడో ఏట రాష్ట్ర జట్టు ఎంపికకు మాస్టారు ఆమెను రాజధాని హఫే తీసుకెళ్లాడు. అక్కడ లోపలి కొలను మరమ్మతులో ఉందని పోటీ ఆరుబయట పెట్టారు. పైన చూస్తే ఒట్టి ఆకాశం. రుయ్‌ఫెన్‌కు చూసుకోవడానికి చార ఏదీ లేదు. వెతగ్గా వెతగ్గా పొడుగ్గా, తిన్నగా ఒక తెల్ల మబ్బు కనబడింది. ప్రాణం లేచొచ్చి దాన్నే నమ్ముకుని ఈదింది. మబ్బు తన దారిన తాను పోయింది. సగం దూరంలో చెయ్యి వెళ్లి వరుసల మధ్య కట్టిన బెండ్ల తాడుకు టపీమని తగిలింది. తేరుకునేలోగా ముగ్గురు దాటిపోయారు. తీసుకునేది ఇద్దరినే.

తిరుగు బస్సులో రుయ్‌ఫెన్ జరిగింది చెప్పింది. అంతా విని మాస్టారు, "మబ్బా?" అన్నాడు.

"కదలట్లేదనుకున్నా మాస్టారూ."

"నయం, కాకిని చూసుకుని ఈదావు కాదు!"

మరుసటేడు ఇంకొక్క అవకాశం. అదీ పోతే వయసు దాటిపోతుంది. ఇక అమ్మ కొట్లో రొయ్యగుడ్ల నూడుల్స్ గిన్నెలు అందించుకోవడమే. అమ్మకు అందులో తప్పేమీ కనబడలేదు.

"తిండికి లోటుండదు కదే!"

"నాకు లోటేనమ్మా," అంది రుయ్‌ఫెన్. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ చలికాలం మాస్టారు పైన ఏదీ కనబడకుండా ఆమె ఈత కళ్లద్దాలకు నల్లరంగు పూశాడు. కొసన గుడ్డ ఉండ కట్టిన వెదురుగడ పట్టుకుని గట్టు వెంట నడుస్తూ, గోడ దగ్గరపడగానే నెత్తిన మెత్తగా పొడిచేవాడు. తాడుకు కొట్టుకుని ఆమె చేతులు కమిలిపోయాయి. గట్టున చేరిన పిల్లలు, "అక్కా, ఎడమకి! కాదు కాదు, కుడికి!" అని కావాలనే తప్పు చెప్పేవాళ్లు.

"నోళ్లు మూయండ్రా, మీ అద్దాలకీ పూస్తా!" అని మాస్టారు అదిలించేవాడు.

పోగా పోగా ఆమెకు తెలిసొచ్చింది. తాడు దగ్గరైతే తన చేతి అలే దానికి తగిలి చెంప మీదికి తిరిగొస్తుంది. ఏ చెంపకు తగిలితే అటు ఒరిగినట్టు.

మళ్లీ హఫే, మళ్లీ ఆరుబయటే. రుయ్‌ఫెన్ కళ్లు మూసుకుని ఈదింది. గోడ దగ్గరపడిందని తెలియడానికి పైన కట్టే జెండాల కోసం మాత్రం తెరిచింది. ఈత ముగిశాక ఫలితం చూసే ధైర్యం లేక గోడ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"రెండో స్థానమే తల్లీ, పైకి రా!" అని మాస్టారు అరిచాడు.

తర్వాత చాలా ఏళ్లు రాష్ట్రానికి ఈదింది. జాతీయ క్రీడల రిలేలో ఒక కాంస్యం వచ్చింది. దేశపు జట్టులో చోటు అందలేదు. భుజం మొరాయించాక వూహూకే వచ్చి పిల్లలకు ఈత నేర్పుతోంది. ఎవరైనా అడిగితే ఆ కాంస్యం కబురు రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఎంపికైన సాయంత్రం అమ్మకు ఫోన్ చేసిన సంగతి మాత్రం తీరిగ్గా చెబుతుంది.

"ఎప్పుడు పోవాలి?" అని అడిగిందట అమ్మ.

"సోమవారం."

అవతల ఎవరో నూడుల్స్ ఇంకా రాలేదని కేకలేస్తున్నారు.

"అయితే రేపు కొట్టు తెరవను, నీ బట్టలు సర్దాలి," అంది అమ్మ.